సున్నా మళ్లు

హైదరాబాద్,
4 ఆగస్టు 2024

యాదలక్ష్మి గారికి,

నమస్కారం. నారు నాటిన రోజు వాన అందుకోవడంతో సగం మాటలు చెప్పకుండానే బస్సెక్కాను. మిగిలినవి ఇందులో రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పుకుంటే గాలికి పోతాయి. పైగా నా పరిశోధనకు గైడ్‌గా ఉన్న ప్రమీలాదేవి మేడం కాగితం మీద లేనిదాన్ని జరిగినట్టే ఒప్పుకోరు. మీరు పన్నెండేళ్లుగా మహిళా సంఘం తీర్మానాలు రాస్తున్నారని విన్నాకే నేను మీ పొలం అడిగాను.

మీ వంగ తోటలో మనం పదిహేను మళ్లు చేశాం కదా. మొక్క పచ్చగా ఉండాలన్నా, కొమ్మ సాగాలన్నా నత్రజని కావాలి. దాన్ని ఏ రూపంలో ఇస్తే వంగ ఎంత తీసుకుంటుందన్నదే నేను తేల్చుకోవాల్సింది. మూడు మళ్లకు యూరియా, మూడింటికి అమ్మోనియం సల్ఫేటు, మూడింటికి ఆముదం పిండి, మూడింటికి వానపాముల ఎరువు. మిగిలిన మూడింటికి, అంటే 3, 8, 13 నంబర్లకు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు. వాటిని మేము సున్నా మళ్లు అంటాం. అవి పసుపుబారతాయి, గిడసబారిపోతాయి. రోజూ చూసే మీకు కష్టంగానే ఉంటుంది. కానీ నేల తనంతట తాను ఎంత ఇవ్వగలదో ఆ మూడే చెబుతాయి. అవి పోతే మిగతా పన్నెండూ ఎందుకూ పనికిరావు.

నెలకోసారి ఆకులు కోసి, నీడన ఆరబెట్టి, నంబరు రాసిన కవర్లలో సిద్దిపేట నుంచి బస్సు కార్గోలో పంపండి. వాటితో ఒక ఉత్తరం పెట్టండి. ఎప్పుడు నీళ్లు పారించారు, ఏ తెగులు వచ్చింది, ఏం వేశారు, ఏం వేయలేదు అన్నీ రాయండి. ల్యాబులో డ్యూటీ వల్ల నేను తరచూ రాలేను.

ఉంటాను,
మనస్విని


చిన్నకోడూరు,
5 సెప్టెంబర్

మనస్విని మేడం గారికి యాదలక్ష్మి వ్రాయునది.

పదిహేను కవర్లు పంపడమైనది. ఆగస్టు 9, 18, 29 తేదీలలో నీళ్లు పారించడమైనది. నడుమ రెండు పెద్ద వానలు. మొవ్వు తొలిచే పురుగు నాలుగు మళ్లలో కనిపించగా ఆ కొసలు తుంచి కాల్చివేయడమైనది. 3, 8, 13 మళ్లకు ఏమీ వేయలేదు.

తీర్మానం మాదిరి రాశానని నవ్వుకోకండి, నాకు వచ్చిన రాత ఇదే. మీరు చెప్పినట్టే యూరియా మళ్లు పది రోజులకే ముదురు పచ్చకు తిరిగాయి. ఆముదం పిండివి ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. సున్నా మళ్లలో కింది ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. పక్క పొలం ఐలవ్వ గట్టు మీద నిలబడి, "ఏందే యాదీ, మూడు మళ్లకు పాడె కడుతున్నవా?" అని అడిగింది. చదువు కోసం అని చెప్పాను. "గదేం సదువే, ఎండవెట్టే సదువు" అని తిట్టుకుంటూ పోయింది.

ఇంకొక సంగతి. మా ఆయన సిద్ధయ్య భివండి నుంచి వచ్చాడు. అక్కడ ఇరవై రెండేళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేశాడు. ఒంట్లో బాగుండక వచ్చాడు. తోటలో మనిషి తోడున్నట్టుంది.

ఇట్లు
యాదలక్ష్మి


హైదరాబాద్,
20 సెప్టెంబర్

పెద్దమ్మా,

ఇకమీదట ఇలాగే పిలుస్తాను, మీరు కూడా మేడం అనకండి.

మీరు పంపిన ఆకులు పరీక్షించాను. యూరియా మళ్లలో నత్రజని నూటికి 4.2, అమ్మోనియం సల్ఫేటులో 4.4, ఆముదం పిండిలో 3.1, వానపాముల ఎరువులో 2.9. సున్నా మళ్లు మూడూ 2.1 దగ్గరే ఉన్నాయి. మూడూ ఒకే మాట చెబుతున్నాయంటే మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నారో అర్థమైంది. మేడం కాగితం చూసి తల ఊపారు. ఆవిడ తల ఊపడం నేను మూడేళ్లలో రెండోసారి చూశాను.

మీకు ఒక మాట చెప్పలేదు. ఇది నా రెండో ప్రయోగం. పోయినేడు ఇంకొక ఊళ్లో వేసిన తోట మొత్తం వరదకు పోయింది. పరిశోధన గడువు ఒకసారి పొడిగించారు. ఈ నవంబర్ ముప్పైకి అదీ అయిపోతుంది. ఇక పొడిగించరు. ఇది ముందే చెబితే మీరు భయపడి పొలం ఇవ్వరేమో అనుకున్నాను.

పెదనాన్నకు ఏమైంది? ఒంట్లో బాగాలేదని ఒక్క మాట రాసి వదిలేశారు.

మనస్విని


చిన్నకోడూరు,
6 అక్టోబర్

మనస్విని బిడ్డకు,

రెండో విడత కవర్లు పంపాను. సెప్టెంబర్ 8, 16, 25, అక్టోబర్ 3 తేదీలలో నీళ్లు పారించాను. కాపు మొదలైంది. 3, 8, 13 మళ్లకు ఏమీ వేయలేదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆయనకు అన్నం దిగే నాళంలో క్యాన్సర్. భివండిలో గొంతు నొప్పి అనుకుంటూ ఏడాది గడిపాడు. సిద్దిపేట దవాఖానలో చూసి పట్నం పంపారు. పట్నంలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ముక్కులోంచి పైపు వేశారు. అందులో పాలు, జావ పోస్తున్నాను. కడుపు నిండుతుందట, నోటికి మాత్రం ఏమీ తెలియదు. ఇంట్లో వంట వాసన వస్తే గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. అందుకని మంచం తెచ్చి తోటలో పశువుల కొట్టం పక్కన వేశాను. పగలంతా అక్కడే ఉంటున్నాడు.

ఒకరోజు 8వ మడి వైపు చూపించి, "గా మడికేమైంది?" అని అడిగాడు.

"దానికేం పెట్టొద్దన్నరు."

"ఎందుకు?"

"ఏం పెట్టకపోతే ఎట్లుంటదో సూస్తరట."

 "సూసి ఏం జేస్తరు?" అన్నాడు.  జవాబు నీకు తెలుస్తుంది కదా అని రాస్తున్నాను.

మొన్నటిదాకా మంచం దిగలేదు. ఇప్పుడు సాయంత్రాలు కొంచెం లేచి నడుస్తున్నాడు. అదొక్కటే మంచి కబురు.

యాదలక్ష్మి


హైదరాబాద్,
21 అక్టోబర్

పెద్దమ్మా,

పెదనాన్న సంగతి చదివాను. ఆయన లేచి నడుస్తున్నాడన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఉన్నాను. ఆయన అడిగినదానికి పుస్తకాల్లో జవాబు ఉంది కానీ ఆ మంచం దగ్గర నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదవండి.

రెండో విడత ఆకుల్లో 3వ మడి 1.9 చూపింది. అది సరిగ్గానే ఉంది. 8వ మడి 3.7. 13వ మడి 3.6. ఏమీ వేయని మళ్లు ఆముదం పిండి వేసిన మళ్లను దాటిపోయాయి. మొదట కవర్లు తారుమారు చేశాననుకున్నాను. మిగిలిన ఆకులతో మూడుసార్లు మళ్లీ చేశాను. అదే అంకె వస్తోంది.

ఆ రెండు మళ్లూ కొట్టానికి దగ్గర. కొట్టం నీళ్లు గండిపడి పారాయా? కూలీలు ఎవరైనా పొరపాటున యూరియా చల్లారా? ఏం జరిగినా సరే రాయండి. నాకు కోపం లేదు. కారణం దొరికితే ఈ మళ్లను పక్కన పెట్టి, తోట చివర ఖాళీగా ఉంచిన జాగలో పాలకూరతో చిన్నగా మళ్లీ మొదలుపెడతాను. పాలకూర ముప్పై, ముప్పై అయిదు రోజుల్లో ఒక కోతకు వస్తుంది. గడువు లోపల పడుతుంది. మేడం కూడా దానికి ఒప్పుకున్నారు. కారణం దొరక్కపోతే మాత్రం తప్పు నా చేతుల్లోనే జరిగిందని అర్థం.

నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయండి.

మనస్విని


చిన్నకోడూరు,
26 అక్టోబర్

మనస్విని గారికి,

కొట్టం నీళ్లు పారలేదు. కూలీలు ఎవరూ రాలేదు. 8, 13 మళ్లకు ఏమీ వేయలేదు. ఎవరూ వేయలేదు.

ఫోన్ చెడిపోయింది.

ఇట్లు
యాదలక్ష్మి


హైదరాబాద్,
18 నవంబర్

పెద్దమ్మా,

ఇక ఆకులు పంపనవసరం లేదు. కాయలన్నీ మీరే కోసుకోండి, మళ్ల నంబర్లు పీకేయండి.

మీ ఉత్తరం ఫైల్లో పెట్టి యూనివర్సిటీ కమిటీ ముందు కూర్చున్నాను. నలుగురున్నారు. ఒకాయన, "రైతు ఏమీ వేయలేదంటోంది, గాలిలోంచి ఊడిపడిందా నత్రజని?" అని అడిగారు.  ఇంకొకరు, నేను మొదటి నెలలోనే అంకెలు వండి, రెండో నెలలో వండడం మరిచిపోయానన్నారు. ప్రమీలాదేవి మేడం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. చివరికి కమిటీవాళ్లు రెండు దారులున్నాయన్నారు. అంకెలు కల్పించానని విచారణ జరగనివ్వడం, లేదంటే ల్యాబులో అజాగ్రత్త వల్ల నమూనాలు కలిసిపోయాయని నేనే రాసి సంతకం పెట్టి వెళ్లిపోవడం. నిన్న సంతకం పెట్టాను.

మొదట అబద్ధానికి సంతకం పెడుతున్నాననుకున్నాను. ఇప్పుడు అదే నిజమేమో అనిపిస్తోంది. తూకం వేసేటప్పుడు నిద్ర లేకుండా ఉన్నాను. ఎక్కడో కలిపేసి ఉంటాను. నా చేతులు చేసిన పని మీద నాకే నమ్మకం పోయింది. పొద్దున టీలో చక్కెర వేశానో లేదో గుర్తురాక, వేసి, మళ్లీ పారబోశాను.

హాస్టల్ గది ఖాళీ చేస్తున్నాను. ప్రజ్ఞాపూర్‌లో మా ఇంటికి పోతాను. బస్టాండ్ దగ్గర మా నాన్న రామేశ్వర్ హోటల్ అంటే ఎవరైనా చెబుతారు. మీ శ్రమ వృథా చేశాను. క్షమించండి. పెదనాన్న ఎలా ఉన్నారు?

మనస్విని


చిన్నకోడూరు,
2 డిసెంబర్

మనస్విని బిడ్డా,

నీ చేతుల తప్పు లేదు. ముందు ఆ మాట చదువు, మిగిలింది తర్వాత చదువు.

నువ్వు ఉత్తరం రాసేనాటికే ఆయన లేడు. నవంబర్ పదకొండున పోయాడు. కర్మలు అయిపోయి చుట్టాలు వెళ్లాక నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక నాకు తీర్మానం రాత వద్దు, నోటికి వచ్చినట్టే రాస్తున్న.

సెప్టెంబర్ పద్దెనిమిది నాడు నేను బర్రెలకు గడ్డి కోసుకొని వచ్చేసరికి మంచం మీద మనిషి లేడు. తొమ్మిది రోజుల సంది బయటికి పోనీకి కూడ నేనే లేపుతున్న మనిషి.  ఉరికి సూస్తే ఎనిమిదో మడి గట్టు మీద కూసున్నడు. చేతిల చెంబు. కొట్టం ఎనుక గుంతల బర్రెల ఉచ్చ, కడిగిన నీళ్లు నిలుస్తయి కద, గవి ముంచుకొచ్చి చెట్ల మొదళ్ల పోసిండు. మొఖం మంచిగున్నది.

"ఏం జేస్తున్నవయ్యా? పెట్టొద్దని చెప్పిన గద!"

"జరంత పోసిన. గంతే."

"గా పిల్ల సదువు పోతది."

"మూడో నంబరుది ముట్టలే. గది దూరమున్నది. గదొక్కటి సూసుకోమను."

ఆపుదామనే అనుకున్న బిడ్డా. మర్నాడు నాలుగింటికి ఆయనంతట ఆయనే లేచి, "చెంబేది?" అని అడిగిండు. భివండి నుంచి వచ్చినంక తనకు గావాలని నన్ను ఏదన్న అడిగిందంటే గదే. జావ పొయ్యనీకి పోతే చెయ్యి నెట్టేసేటోడు, ఆ పొద్దు పొయ్యనిచ్చిండు. ఎందుకంటే నడవనీకి బలం గావాలె. నేను చెంబు తెచ్చి ఇచ్చిన. ఆయన చేసిండని రాస్తున్న గని చెంబు ఇచ్చింది నేనే.

వారానికి చెట్లు తిరిగినయి. కొత్త చిగురు పచ్చగొచ్చింది. "సూసినవా? ఆకలి మీదున్నయి," అని ఐలవ్వను పిలిచి చూపించిండు.

నీకు అక్టోబర్ ఆరో తారీఖు అబద్ధం రాసిన. అప్పుడు ఇంత దూరం వస్తదనుకోలే. ఇరవై ఆరు నాడు మాత్రం తెలిసే రాసిన. ఫోన్ చెడిపోలే. నీ పేరు కనబడుతుంటే సూసుకుంట కూసున్న. నిజం రాస్తే నువ్వు మర్నాడే వస్తవు. ఆ మళ్లు పక్కకు పెడతవు, ఆయన ముందల నీ కాగితాల మీద రాసుకుంటవు. ఆయనకు తప్పు చేసిన అని తెలుస్తది, మల్ల లేవడు. అప్పటికే ఒక్క మడి దాకనే పోగలుగుతున్నడు. ఇంకెన్ని రోజులో దవాఖానల చెప్పనే చెప్పిన్రు. నీకు ముందర బతుకున్నది, ఇంకో తోట దొరుకుతది అనుకున్న. నీకింక గడువు లేదని నువ్వు రాసింది నా పెట్టెలనే ఉన్నది. మరిచిపోయిన అని రాయను. మరువలేదు.

ఈ ఉత్తరం మీ మేడంకు ఇయ్యి. నన్ను పిలిస్తే వస్త. ఎవరి ముందలనైనా చెప్త.

యాదలక్ష్మి


ప్రజ్ఞాపూర్,
16 డిసెంబర్

పెద్దమ్మా,

పెదనాన్న పోయారన్న మాట చదివి, తర్వాతి పేజీ చదవడానికి సాయంత్రం దాకా ఆగాను.

మీ ఉత్తరం తీసుకుని ప్రమీలాదేవి మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. ఫైల్లోంచి మీ అక్టోబర్ ఉత్తరం తీసి రెండూ పక్కపక్కన పెట్టారు. "ఒకే మనిషి రాసినవి. ఒకదాంట్లో ఏమీ వేయలేదంటోంది, ఒకదాంట్లో వేశామంటోంది. ఏది నమ్మమని కమిటీని అడగను? రెండోది నువ్వు వెళ్లి రాయించుకున్నావంటే ఏం చెబుతావు?" అన్నారు. మిమ్మల్ని తీసుకొస్తానన్నాను. "నువ్వు సంతకం పెట్టాక ఆమె వచ్చి చెప్పేదేముంది?" అన్నారు. గడువు కూడా దాటిపోయింది. గుమ్మం దాకా వచ్చి, "నేను నమ్ముతున్నాను మనస్వినీ" అన్నారు. ఆ మాట కమిటీలో అంటే బాగుండేది.

మీ మీద కోపం లేదని రాద్దామని రెండు కాగితాలు చింపాను. ఉంది. మీరు నా ముందున్న బతుకును తూచారు కదా, అందులో ఏముందో నాకు కనిపించడం లేదు. హోటల్లో నాన్న పక్కన కూర్చుని టోకెన్లు ఇస్తున్నాను. అమ్మ ఇంటికి వచ్చినవాళ్లకు సెలవుల్లో వచ్చిందని చెబుతోంది. ఎన్నాళ్లు చెబుతుందో.

కానీ నేను మీ స్థానంలో ఉంటే చెంబు లాక్కునేదాన్నా అని ఎవరైనా అడిగితే నోరు రావడం లేదు. అదే నన్ను ఇంకా చంపుతోంది. పూర్తిగా తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఒకటి అడుగుతాను. ఇక ఏ కమిటీకీ ఇచ్చేది కాదు. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా పోశారు, రోజుకు ఎన్ని చెంబులు, ఏ మడికి? ఆ 3.7 ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క తేలేదాకా నాకు నిద్ర పట్టడం లేదు. గుర్తున్నంత వరకే రాయండి. గుర్తులేనిది కల్పించకండి.

మనస్విని


చిన్నకోడూరు,
5 జనవరి 2025

మనస్విని బిడ్డకు,

గుర్తున్నదే రాస్తున్న. నడుమ రెండు రోజులు పోసిండో లేదో గుర్తులేదు, ఏ తారీఖులో గూడ తెల్వదు.

సెప్టెంబర్ పద్దెనిమిది నుంచి అక్టోబర్ తొమ్మిది దాక ఎనిమిదో మడికి రెండు చెంబులు, పదమూడో మడికి రెండు చెంబులు. చెంబుకు లీటరున్నర పడుతది, నిన్న కొలిచి సూసిన.

అక్టోబర్ పది నుంచి ఇరవై ఒకటి దాక మడికి ఒక్కొక్క చెంబు. నడుమ గట్టు మీద కూసుండి మల్ల లేసేటోడు.

ఇరవై రెండు నుంచి ఎనిమిదో మడికే. ఒక చెంబు. పదమూడో మడి దాక పోలేకపోయిండు. నేను పోస్తనంటే వద్దన్నడు.

ఇరవై ఎనిమిది నుంచి సగం చెంబు.

నవంబర్ ఒకటి నుంచి గిలాస. మందులేసుకునే స్టీలు గిలాస. దానికి పావు లీటరు కూడ పట్టది.

నవంబర్ ఎనిమిది నాడు నేను జబ్బ పట్టుకొని గట్టు దాక తీసుకపోయిన. గిలాస వంచిండు గని సగం కాళ్ల మీదనే పడ్డది. గదే ఆఖరు. తొమ్మిది, పది ఆయన కండ్లు తెరవలే.

నీకు పనికొచ్చే లెక్క ఇంతే. ఇంకొకటున్నది, పనికిరాదు గని కల్పించొద్దని నువ్వన్నట్టే దాయొద్దు గూడ.

నవంబర్ పన్నెండో తారీఖు నుంచి నేను పోస్తున్న. సావు జరిగిన ఇల్లు, బయటికి పోవద్దని ఐలవ్వ ఆపింది గని పోయిన. డిసెంబర్ ఆఖరుల తోటంత పీకేసినం. ఆ రెండు మళ్లల్ల గూడ ఇప్పుడు చెట్లు లేవు, ఉత్త మట్టి. రోజు నాలుగింటికి చెంబు ముంచుకొని పోతున్న. మడికి రెండు.

యాదలక్ష్మి